అత్తయ్య భయం, భూమి కుట్లు

మేనకోడలు చిరంజీవి ఉడతకు మామయ్య దీవెనలు.

భూకంపాలు కొలిచే ఆఫీసులో ఉన్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. మొన్న ఇక్కడ భూమి కాస్త కదిలింది. అప్పటి నుంచి మీ అత్తయ్యకు కంటిమీద కునుకు లేదు. కింద నా కుట్టు షాపు, పైన కాపురం, ఇన్నాళ్ళూ హాయిగానే ఉన్నాం. ఇప్పుడు ఇల్లు అమ్మేద్దామంటోంది. భూమి ఎందుకు కదిలిందో, తనకు ధైర్యం వచ్చేలా రాయి.

మామయ్య

తా.క. నాకేం భయం లేదు.

*

మామయ్యకు నమస్కారాలు.

అత్తయ్యకు మీ దర్జీ భాషలోనే చెప్పండి. మనముండే గట్టి రాతిపొర ఒకే తాను కాదు, పెద్ద పెద్ద ముక్కలు. వాటిని పలకలంటాం. కింద బాగా వేడెక్కిన రాయి ఉంది. గట్టిదే, అయినా చాలా నెమ్మదిగా సాగుతుంది. ఇంకా లోపల కరిగిన ఇనుము, నట్టనడుమ మళ్ళీ గట్టి ఇనుప ముద్ద. ఆ లోపలి వేడి వల్లే పలకలు ఏడాదికి గోరు పెరిగినంత జరుగుతుంటాయి. గొడవంతా ఎక్కువగా ముక్కలు కలిసే కుట్ల దగ్గరే.

మీ ఉడత

తా.క. చదివి వినిపించేటప్పుడు కరిగిన ఇనుము దగ్గర గొంతు తగ్గించండి.

*

ఉడతా,

ధైర్యం చెప్పమంటే ఇదా చెప్పడం? గట్టి కాలరు గుడ్డ కింద లైనింగు జారిపోతోందన్నమాట. మీ అత్తయ్య పొద్దస్తమానం గోళ్ళే చూసుకుంటోంది. బట్ట కుట్టు దగ్గరే పిగులుతుందని నాకు తెలియదా? మన వీధి కుట్టు మీద ఉందా, లేదా? ఇల్లు కొనడానికి ఒకాయన వచ్చాడు. మోసం చేయడం ఇష్టంలేక, ఇల్లు ఏటా గోరంత జరుగుతోందని చెప్పేశాను. ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కదలని చోటెక్కడుందో వెంటనే రాయి, అక్కడే కొంటాం.

మామయ్య

తా.క. రైలు స్టేషనుకు దగ్గరైతే మేలు.

*

మామయ్యా,

కదలని చోటు భూమ్మీదే లేదు. వీధి, కొళాయి, ఎదురింటివాళ్ళు, అందరూ మన పలక మీద మనతోనే వస్తున్నారు. కుట్టు మనకు చాలా దూరం. లోపలెక్కడో పాత పగులు సర్దుకుంటే అప్పుడప్పుడూ ఇలా అదురుతుంది. మళ్ళీ అదరదని మాత్రం ఎవరూ చెప్పలేరు. తొందరపడి ఇల్లు అమ్మకండి. అత్తయ్యనే నాకు రాయమనండి.

మీ ఉడత

తా.క. మీ చేతిరాత ఎందుకలా వణుకుతోంది?

*

ఉడతా, బాగున్నావా తల్లీ?

నీ ఉత్తరాలు ఇవాళే చూశాను, గుడ్డపీలికల సంచిలో దాచారు. భయం నాకని రాశారన్నమాట! నేను మేడ మీద గుర్రుపెట్టి మరీ నిద్రపోతున్నాను. ఇల్లు అమ్ముతున్నామని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఆ రోజు భూమి అదరగానే మీ మామయ్య ఎవరిదో సగం కుట్టిన చొక్కా భుజాన వేసుకుని వీధి చివరిదాకా పరిగెత్తారు. వెనక్కి తిరిగి చూస్తే నేను మేడ మీద కిటికీలో ఉన్నాను. ఈ మోకాలి నొప్పితో మెట్లు దిగేసరికి అదురు ఎప్పుడో ఆగిపోయింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పటి నుంచి నా ముఖంలోకి చూడటం లేదు. మళ్ళీ అదిరితే, మళ్ళీ నన్ను వదిలేసి పరిగెడతానేమోనని ఆయన భయం.

ఇల్లు అమ్మేది లేదు. మంచం షాపులోకి దింపించాను.

మీ అత్తయ్య

తా.క. ఈసారి భూమి కదిలితే నా చెయ్యి పట్టుకోమని ఆయనకు రాయి. నేను చెబితే ఓదారుస్తున్నాననుకుంటారు. నువ్వు ఆఫీసు ముద్ర వేసి రాయి.