పచ్చ బిళ్ళ

గోల్‌మురి, జంషెడ్‌పూర్
ఆదివారం

అక్కకి నూకరత్నం నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ, బావ, పిల్లలు, అందరూ ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? దాచకుండా రాయి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పైన క్రేన్ గదిలో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. గదికొచ్చి వండుకునే ఓపిక లేక అటుకులు తిని పడుకుంటున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతకాయ పచ్చడి పంపు.

మా ఫ్యాక్టరీలో కొత్త పద్ధతి పెట్టారు. డ్యూటీ ఎక్కేముందు బోర్డు మీద మన పేరు పక్కన బిళ్ళ తగిలించాలి. మనసు బాగుంటే పచ్చది, లేకపోతే ఎర్రది. మనసు బాగుంటేనే పని బాగుంటుందని మా సార్ నమ్మకం. అబద్ధమూ కాదు. కానీ ఎర్రది పెడితే ఇంటికి పంపేస్తారు, హాజరు పోతుంది. అందుకని అందరం రోజూ పచ్చే.

కింద నుంచి నాకు సైగ చేసే అప్పన్న బాబాయి తెలుసుగా, మన టెక్కలి ఆయనే. వాకీటాకీలో ముందు వెటకారం, ఆ తర్వాతే చెయ్యి ఎత్తేవాడు. "ఏటే నూకాలూ, నిద్దరోతన్నావా? ఎత్తు!" ఆ మాట వింటే ఎనిమిది గంటలూ ఇట్టే గడిచిపోయేవి.

పిన్ని పోయింది. పన్నెండో రోజు కాగానే బాబాయి డ్యూటీకొచ్చాడు, పచ్చ బిళ్ళే పెట్టాడు. వాకీటాకీలో ఉలుకూ పలుకూ లేదు, ఒట్టి చెయ్యి లేచింది. ఎందుకో నా వేళ్ళు ఆగిపోయాయి. కిందికి చూద్దును కదా, గొలుసు తగిలించే సుక్రా చెయ్యి ఇంకా కొక్కెం దగ్గరే ఉంది! ఎత్తి ఉంటే... రాయలేను అక్కా.

దిగి వచ్చాను. "క్యా హువా?" అన్నాడు సార్. ఉన్నది చెబితే బాబాయి గేటు పాసు లాగేసుకుంటారు. నాకే మనసు బాగోలేదని చెప్పి, నా పచ్చ బిళ్ళ తీసి ఎర్రది పెట్టాను. పని ఆగింది. బాబాయి అక్కడే కూలబడ్డాడు.

"ఎర్రదెడితే ఇంటికంపేత్తారే. ఇంటికెల్లి ఏటి సేత్తాను? అది నేదు కదే!"

మర్నాడు తనే అడిగి స్టోరుకి మారాడు. కొత్తవాడు "అప్, డౌన్" అంటాడు, అంతే. రోజు గడవట్లేదు.

బావకి దండాలు, పిల్లలకి ముద్దులు. నన్ను దీవించు. ఉత్తరం మొదట్లో బాగున్నానని రాశాను చూశావా, అదీ పచ్చ బిళ్ళే అక్కా. అమ్మకి మాత్రం అక్కడిదాకానే చదివి వినిపించు.

నీ చెల్లెలు
నూకరత్నం