హారతి పళ్ళెం

14 సెప్టెంబర్ 1994, బుధవారం



ఎలక్షన్లలో నిలబడతాడంటున్న లీడరు సాయంత్రం మా గల్లీ గణపతి మండపానికి వచ్చి, ఆడపడుచులు మనకు దేవతలని మైకులో అరగంట ఊదరగొట్టాడు. అది ముగిశాక వదిన హారతి పళ్ళెం ఎత్తింది. కమిటీ యాదగిరి అడ్డం వచ్చాడు.

“మొగుడు పోయినోళ్ళు హారతి ఎత్తొద్దక్కా. లీడర్ సాబ్ చూస్తుండు, జర పక్కకు జరుగు.”

“ఐదు దినాలు మండపం ఊడ్చినప్పుడు యాదికి రాలేదా? నేను జరగ.”

వాడు పళ్ళెం తోశాడు. మండుతున్న కర్పూరం వదిన ముంజేతి మీద పడింది. కిందపడ్డ ఆ ఇత్తడి పళ్ళెం తీసుకుని వాడి నుదుటి మీద కొట్టాను. రెండోసారి కావాలనే కొట్టాను. నెత్తురు ముగ్గులోకి కారింది. లీడరు జీపెక్కి వెళ్ళిపోయాడు.

యాదగిరికి నారాయణగూడ ఆస్పత్రిలో కుట్లు వేయించారట. రేపు పోలీసులొస్తారేమో. అమ్మ వాకిలికి గడియ పెట్టి కూర్చుంది.

పంతులుగారు నెత్తురుతో మైల అయిందని మండపమంతా పసుపునీళ్ళతో కడిగించారు. మనిషి చెయ్యి కాలితే మైల కాదు కాబోలు.

ఇందాక బొబ్బలకు మందు రాస్తుంటే వదిన మెల్లగా అడిగింది.

“రెండే కొట్టినవేంది?”