కాశీలో వదిలిన పండు

వాసవి నాయనా,

అన్నం, ఉలవచారు పొయ్యి పక్కన మూత పెట్టినాను. అంగడి నుంచి రాగానే వేడి చేసుకోండి. నేను మహానంది బస్సుకు పోతున్నాను, వచ్చేసరికి చీకటి పడుతుంది. సెల్‌ఫోన్ ఇంట్లోనే ఉంది. ఇది చదివి నన్ను తిట్టాలన్నా అందాకా ఆగాల్సిందే.

మీ ఒంట్లో పొటాషియం తగ్గి కాళ్లు పట్టేస్తున్నాయని, రోజూ అరటిపండు తినమని డాక్టరు చెప్పినాడు. "శానా ఇష్టమని కాశీకి పోయి గంగలో వదిలేసొచ్చినాను. మళ్లా ఎట్ల తినేది?" అన్నారు మీరు. నేను ఊరుకోలేదు. పదిహేను రోజులుగా మీ గోధుమ అప్పాల్లో పండు పిసికి కలుపుతున్నాను. "ఇంత మెత్తగా చేసేది యాడ నేర్చినావే?" అని అడిగి మరీ తిన్నారు.

నిన్న అంగట్లో మీరు నిచ్చెన ఎక్కి పై అరలోని నూనె డబ్బా దించుతుంటే నా కళ్లతో చూసినాను. గోడ పట్టుకోనిదే మంచం దిగలేని మనిషి! బెత్తెడు పండులో అంత సత్తువ ఏ దేవుడు దాచిపెట్టినాడో!

మీ చేత మాట తప్పించిన పాపం నాది. అందుకే మీ పండు మీకు తిరిగి ఇమ్మని మహానందీశ్వరుణ్ణి అడుగుతాను. దానికి బదులు గుండంలో మునిగి నా మామిడిపండు వదిలేసి వస్తాను. దేవుని గూట్లో రెండు అరటిపండ్లు ఉన్నాయి. ఈరోజు తెలిసే తినండి.

ప్రమీల

ఇంకో మాట. ఎండాకాలంలో బంగినపల్లి పండ్లు ఇంటికి తేవద్దండి. ఆ వాసన తగిలితే నా మాట నిలవదు.