ఫ్లేంజ్ మీద ముగ్గుపిండి

ఆగస్టు 25, సోమవారం

తెలుగులో రాస్తే ఈ ల్యాబులో ఎవరూ చదవలేరు. మా రిసెర్చ్ స్కాలర్ అనిల్ తెలుగు గలగలా మాట్లాడతాడు. అక్షరాలు చూస్తే మాత్రం బిత్తరపోతాడు.

ఇవాళ ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. రెండో దశ రివ్యూ. కమిటీ బిలాస్‌పూర్ వచ్చి మా యూనివర్సిటీ షాక్ టన్నెల్ చూస్తుందట. ఒక షాట్ కళ్ళెదుట ఫైర్ చేసి చూపించాలి. నచ్చితే హైపర్‌సోనిక్స్ పనికి ఇంకో మూడేళ్ళు ప్రభుత్వ గ్రాంటు. నచ్చకపోతే టన్నెల్ మీద టార్పాలిన్ కప్పుకోవాలి. అనిల్ ఫెలోషిప్ డిసెంబరుతో ఆఖరు.

మూడు తారీఖులిచ్చారు. సెప్టెంబరు 15, 17, 19. మధ్యది బాగుందని రెండు నిమిషాల్లో రిప్లై కొట్టేశాను. సేఫ్టీ చెక్‌లిస్టు కూడా జత చేశాను. అందులో ఆరో నంబరు ఫ్లేంజ్ క్రాక్ టెస్ట్. అది చెయ్యలేదు. పగుళ్ళు చూపించే స్ప్రే డబ్బా అయిపోయింది, కొత్తది స్టోర్స్ ఫైల్లో నిద్రపోతోంది. పోయినేడు బాగానే ఉంది కదా అని టిక్ పెట్టి సంతకం చేశాను.

అసలు నువ్వు చేసేది ఏటని అమ్మ మళ్ళీ అడిగింది. గొట్టంలో గాలి బిగించి, మధ్యలో రేకు చిరిగేలా చేస్తే, ఆ గాలి తోపుకి గొట్టం చివర ధ్వనికి ఆరు రెట్ల వేగంతో గాలి పుడుతుంది, అది చిన్న విమానం బొమ్మని ఎలా కొడుతుందో కొలుస్తామని చెప్పాను. ఫ్లేంజ్ అంటే ఆ గొట్టానికి ప్రెషర్ కుక్కర్ మూతలాంటిదని కూడా చెప్పాను. ఎంతసేపు కొడుతుంది అంది. సెకనులో వెయ్యో వంతులు రెండు. దానికి రెండేళ్ళ పనా అని చారుకి పోపు పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 26

నాన్నకి తారీఖు చెప్పాను. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆగస్టు 28

సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ.

ముప్ఫై నాలుగేళ్ళు లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసిన తిరుమలరావు కూతుర్ని నేను. చిన్నప్పుడు ఏటా ఆ రోజు రిబ్బన్లు కట్టుకుని షెడ్‌కి వెళ్ళి బూందీ తిన్నదాన్ని. ఆ రోజు లేత్ తిరగదు, పానా ఎవరూ పట్టరు. మెషీన్లు ఒళ్ళు కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని హాయిగా కూర్చుంటాయి. ఈ ఊళ్ళో సైకిల్ షాపు వాడికి కూడా తెలిసిన తారీఖు. ఏటే, నీకు గుర్తుకే రాలేదేటి అని నాన్న పడీ పడీ నవ్వాడు.

మా టెక్నీషియన్ నూకరాజు మాత్రం నవ్వలేదు. ఒకప్పుడు నాన్న దగ్గర అప్రెంటిస్ చేసినవాడు. ఇంట్లో నన్ను తనూజమ్మా అంటాడు, ల్యాబులో మేడమ్ అంటాడు. మేడమ్, ఆ రోజు నాను వాల్వు మీద సెయ్యెయ్యను, మీరేటన్నా అనుకోండి అన్నాడు.

తారీఖు మార్చమని ఢిల్లీకి రాశాను. కారణం ఏం రాయాలో తెలియక స్థానిక కారణాలు అని రాశాను. టికెట్లు బుక్ అయిపోయాయి, కుదరదన్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 6

నూకరాజు లేకపోతే లోకం ఆగిపోదు. నేనూ అనిలూ కలిసి ఫైర్ చేస్తామని చెప్పేశాను. అనిల్, హో జాయేగా మేడమ్ అన్నాడు. ఏ పనైనా అయిపోతుందంటాడు, వాడికి అన్నీ హో జాయేగానే. వాల్వు దగ్గర నిలబడేది వాడే, ఫ్లేంజ్‌కి నాలుగడుగుల దూరంలో. నలభై షాట్లు అక్కడే నిలబడ్డాడు.

నూకరాజు తలూపాడు. మీ ఇష్టం మేడమ్, ముందురోజు కడిగి ముస్తాబు సేసేది మాత్రం నానే అన్నాడు. రివ్యూ అయ్యేదాకా టన్నెల్‌ని ఎవరూ ముట్టుకోవద్దన్నాను. మాటా మాటా పెరిగింది. ఇది ల్యాబు, గుడి కాదు అనేశాను. అన్నాక అతని మొహం చూసి సిగ్గేసింది. సారీ మాత్రం చెప్పలేదు.

సెప్టెంబరు 13

నాన్న నూకరాజు పక్షం. అమ్మ ఎవరి పక్షమూ కాదట, కానీ నా కంచంలో పెరుగు వెయ్యడం మర్చిపోయింది.

సెప్టెంబరు 16, సాయంత్రం

సరే, ముస్తాబు కానియ్యమన్నాను. పూజ లేకుండా ఫైర్ చేస్తే నూకరాజు రేపు కమిటీ ముందు మొహం మాడ్చుకుని నిలబడతాడని నా భయం. అంతకుమించి భక్తేమీ లేదు.

మధ్యాహ్నమంతా పనిచేశాడు. టన్నెల్ మొత్తం డీజిల్‌తో కడిగాడు. గుడ్డతో తుడిచి తుడిచి మెరిపించాడు. ఫ్లేంజ్ మీద ముగ్గుపిండి నీళ్ళలో కలిపి తెల్లగా పట్టీ వేశాడు. ఇక్కడ రంగోలి అని అమ్ముతారే, ఆ పిండే. దాని మీద పసుపు, కుంకుమ. బంతిపూల దండ. నిజం చెప్పాలంటే మా టన్నెల్ పెళ్ళికూతురిలా ఉంది. ఆ మాట అతనికి చెప్పలేదు.

సెప్టెంబరు 17, ఉదయం 6.40

ఫ్లేంజ్ మీద తెల్లటి పట్టీలో నల్లటి గీత ఉంది. వెంట్రుకంత సన్నం. ఒక బోల్టు దగ్గర మొదలై వంకరగా పక్క బోల్టు దాకా పోయింది.

నిజంగా వెంట్రుకేమో అనుకుని తుడిచాను. మళ్ళీ పిండి రాశాను. పావుగంట చూశాను. అదే చోట, అదే వంకరతో మళ్ళీ వచ్చింది.

నాన్నకి ఫోన్ చేశాను.

7.30

నాన్న తిఫ్రాలో ఇంటి నుంచి స్కూటీ మీద వచ్చేశాడు, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా. కళ్ళద్దాలు పెట్టుకుని గీత మీద బొటనవేలు రాశాడు. పగులమ్మా అన్నాడు. స్ప్రేలు రాకముందు మా షెడ్‌లో ఇలాగే పట్టుకునేవోళ్ళం, డీజిల్ పట్టించి, తుడిసి, సుద్ద రాస్తే, లోపల దూరిన డీజిల్ పైకి వచ్చి పగులు తానే బయటపడిపోద్ది అన్నాడు. నూకరాజుకి నువ్వే నేర్పావా అని అడిగాను. అప్పుడే వచ్చిన నూకరాజు అందుకుని, నాను పూజకే రాసినాను, దేవుడి తోడు అన్నాడు.

ఫైర్ చేసేటప్పుడు ఆ మూత వెనక గాలి ఒత్తిడి లారీ టైరులో ఉండే దానికి ఎనిమిది రెట్లు. అనిల్ నాలుగడుగుల దూరంలో. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆఖరిసారి ఎప్పుడు చెక్ చేశావని నాన్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

సాయంత్రం 5

కమిటీ పది గంటలకి వస్తుందనగా నూకరాజు దగ్గరికొచ్చి, పూజ రోజు మెషీన్ నడపకూడదని సెప్పీండి మేడమ్, సరిపోద్ది అన్నాడు. నిజమే, సరిపోయేది. దండా బొట్టూ ఎదురుగా ఉన్నాయి. ఈ ఊళ్ళో ఆ మాటని ఎవరూ తప్పు పట్టరు. పగులు ఊసెత్తకుండా, నా సంతకం ఊసెత్తకుండా నెలలో షాట్ చూపిస్తామని పంపేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

ఆ తెల్లపట్టీ పక్కనే అనిల్ నిలబడి కమిటీకి టీ కప్పులు సర్దుతున్నాడు. అదే చోట, వాల్వు దగ్గర.

వాళ్ళకి నిజం చెప్పేశాను. పగులు చూపించాను. చెక్‌లిస్టులో ఆరో నంబరు అబద్ధమని చెప్పాను. ఎవరు సంతకం చేశారని చైర్మన్ జానకిరామ్ గారు అడిగారు. హైదరాబాద్‌లో రిటైరైన సైంటిస్టు, మెత్తటి గొంతు. నేనేనన్నాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. చాలాసేపు రాశారు. తర్వాత నలభై షాట్ల డేటా గంటన్నర చూశారు. అనిల్ హో జాయేగా అనకుండా అన్నిటికీ జవాబు చెప్పాడు. వెళ్ళే ముందు జానకిరామ్ గారు నూకరాజుని తెలుగులో పలకరించి, ముగ్గుపిండి ఎందుకు రాశావని అడిగారు. అందం కోసమండి అన్నాడు నూకరాజు. ఆయన ప్రసాదం బూందీ పొట్లం జేబులో పెట్టుకుని కారెక్కారు.

గ్రాంటు పోయినట్టే. అయినా ఆకలేస్తోంది. వారం తర్వాత ఇవాళే సరిగ్గా ఆకలేస్తోంది.

సెప్టెంబరు 18

అనిల్‌కి అంతా చెప్పాను. సంతకం సంగతి కూడా విడిగా, మొహం చూసి చెప్పాను. వాడు ఫ్లేంజ్ దగ్గరికెళ్ళి నాలుగడుగులు కొలుచుకున్నాడు. మధ్యాహ్నం తన టిఫిన్‌లోంచి సగం పరోటా నా ముందు పెట్టాడు.

సెప్టెంబరు 29

మెయిల్ లేదు. కొత్త ఫ్లేంజ్ డ్రాయింగ్ గీస్తూ కూర్చున్నాం, ఎవరో చేయిస్తారన్నట్టు.

అక్టోబరు 10

వ్యాపార్ విహార్ బజార్లో అమ్మకి కందిపప్పు కొంటుంటే ఫోన్ మోగింది. మెయిల్. రోడ్డు మధ్యనే చదివాను. వెనక లారీ హారన్ కొడుతున్నా పక్కకి జరగలేదు. రెండో దశ మంజూరైంది. మూడేళ్ళు. అనిల్ ఫెలోషిప్‌తో సహా.

షరతులున్నాయి. ముందు కొత్త ఫ్లేంజ్. మూడు నెలల్లో షాట్. సేఫ్టీ పేపర్ల మీద ఇకముందు నా సంతకం ఒక్కటే చెల్లదు, టెక్నీషియన్ సంతకం కూడా ఉండాలి. ఆ లైను చదివి నవ్వాను, ఏడ్చాను, పప్పు అక్కడే మర్చిపోయి కుదుదండ్ దాకా వచ్చేశాను. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో.

నూకరాజు ఇల్లు కుదుదండ్‌లోనే. గుమ్మంలో నిలబడి మెయిల్ చదివి వినిపించాను. తర్వాత, ఆ రోజు గుడి కాదు అన్నందుకు సారీ నూకరాజు అన్నాను. అచ్ఛా, అందుకేటి, లోపలికి రా తనూజమ్మా, టీ తాగుదువుగాని అన్నాడు.

వచ్చే రివ్యూ తారీఖు మమ్మల్నే చెప్పమన్నారు. ఈసారి క్యాలెండర్ నాన్న చేతికిచ్చాను.

డిసెంబరు 12, ఉదయం 10.40

షాట్ 41. కొత్త ఫ్లేంజ్ మీద ముగ్గుపిండి. తెల్లగా ఉంది. పావుగంటయింది, తెల్లగానే ఉంది. అనిల్‌ని గోడ వెనక నిలబెట్టాను. నూకరాజు ముందు సంతకం చేశాడు, తర్వాత నేను.

ఫైర్.