ముందుసగం వినిపించని సెట్టు

9-1-77, ఆదివారం. పుంగనూరు.
కుప్పం నుంచి ఈశ్వరప్ప వచ్చాడు. మోటార్లకు వైండింగ్ చుట్టే మనిషి, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. ఇంటి నుంచే వైర్‌లెస్సులో మాట్లాడుకునే హ్యామ్ రేడియో లైసెన్సు ఇద్దరికీ ఉంది. యూరపులో ఏదో క్లబ్బు రాసిన ఉత్తరం తెచ్చాడు. ఫిబ్రవరి 26 సాయంత్రం ఐదింటికి పెద్ద డిష్షు పెట్టి చంద్రుడి మీదికి మోర్సు, అంటే చుక్కా గీతల కూతలు, పంపుతారట. ఐదే అక్షరాలు. చంద్రుడికి తగిలి తిరిగొచ్చిన వాటిని పట్టుకుని సరిగ్గా రాసి పంపినవాళ్ళకు విన్నారని గుర్తుగా కార్డు ఇస్తారట.

యాంటెన్నాలు నేను కడతా, వినేది మాత్రం నువ్వేనప్పా, పోలీసు వైర్‌లెస్సులో ముప్పై ఏండ్లు విన్న చెవి ఈ సుట్టుపక్కల ఇంగెవురికుండాది అన్నాడు. రిసీవర్ సెట్టు కూడా నన్నే ఎంచమన్నాడు.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. సరే అన్నట్టు తీసుకుని బస్సెక్కాడు.

12-1-77. ఉదయం 9:30.
చంద్రుడి చప్పుడు రోజూ దొరకదు. సెట్టును పరీక్షించడానికి ఉపగ్రహం ఉంది, ఆస్కార్ 7. మోర్సులో హెచ్, ఐ అని కూస్తూ పొద్దున పూట ఉత్తరం నుంచి దక్షిణానికి మన మీదుగా పోతుంది. ఏ సెట్టులో అది మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తే ఆ సెట్టే చంద్రుడికి అనుకున్నాను.

మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన నా పాత సెట్టు పెట్టాను. ఉత్తరాన లేచే టైముకు వట్టి బుస. పది నిమిషాలు బుసే. నెత్తి మీద దాటాక అప్పుడు వినపడింది.

13-1-77.
అదే.

16-1-77.
అదే. ముందుసగం లేదు, వెనకసగం శుభ్రంగా ఉంది. ఉత్తరం వైపు హార్స్లీ కొండ అడ్డమేమో.

20-1-77. రాత్రి 7.
మదనపల్లె పోయాను. దేవసహాయం మిషన్ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి రిటైరయ్యాడు. ఆయనా హ్యామే. కొండ యాడ, పుంగనూరు యాడ, నీ సెట్టు ముసలిదైపోయిందప్పా అన్నాడు. తన సెట్టు ఇచ్చాడు. దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నంగా ఉంటాది, దూరం పోయేకొద్దీ లావవుతాది, రైలు కూత మాదిరి, డయల్ తిప్పతా ఉండు అన్నాడు. నాకు డయల్ తిప్పడం చెప్పేవాడొకడు. ఫ్రీక్వెన్సీ పెట్టినాక చెయ్యి తియ్యమని ట్రైనింగులో చెప్పారు. ముప్పై ఏళ్ళు అట్లే చేశాను.

సెట్టును గోనెసంచిలో చుట్టి బస్సు పైన టమాటా గంపల మధ్య పెట్టించాడు కండక్టరు. ఇంటికొచ్చేసరికి సెట్టంతా టమాటా వాసన.

22-1-77.
దేవసహాయం సెట్టులోనూ ముందుసగం లేదు. విసుగ్గా ఉంది.

29-1-77.
ఈశ్వరప్ప మూడో సెట్టు మోసుకొచ్చాడు, పలమనేరులో బస్సు మారి. నడుం పట్టుకుపోయిందట. కుప్పంలో ఈ సెట్టులో మొదుట్నించి కడదాకా ఇన్నానని చెప్పాడు. కోతలు కోస్తున్నాడని అనుకున్నాను.

30-1-77.
మూడో సెట్టు. ముందుసగం లేదు. రాయడానికి కూడా చిరాకుగా ఉంది.

4-2-77. సాయంత్రం.
ఎన్నికల జీపు మైకు వీధిలోనే తిరుగుతోంది. అది పోయాక ఆస్కార్ సాయంత్రం పూట పెట్టాను. సాయంత్రం అది తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఈసారి దక్షిణం వైపు లేదు, ఉత్తరం వైపు బాగుంది.
కొండ పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ ఉండదు కదా. మూడు సెట్లకూ ఒకే రోగం ఉండదు కదా.

5-2-77. ఉదయం 9:15.
హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి కాఫీ తాగుతున్నాను. మా ఆవిడ బయ్యమ్మ పక్కనే కూర్చుని అనపగింజలు పితుకుతోంది. ఏమయ్యా, అది అప్పుట్నించీ కీచు కీచుమంటాండాదే, ఎత్తుకోవా అంది. నాకు ఏమీ వినపడలేదు. హెడ్‌ఫోన్ ఎత్తి పెట్టుకున్నాను. బుస. ఆవిడ చెవికి పెట్టాను. ఉండాది, పిల్లపిట్ట మాదిరి ఉండాది అంది.

సాయంత్రం మళ్ళీ చేశాను. వినపడగానే వేలెత్తమన్నాను. ఆవిడ వేలు లేచిన ఎనిమిది నిమిషాలకు నాకు వినపడింది. కూత లావయ్యాక.

సన్న కూత నా చెవికి లేదు. సెట్లన్నీ మంచివే.

6-2-77.
డయల్ కొంచెం కిందికి తిప్పాను. కూత మొదటి నుంచే లావుగా వచ్చింది. మొత్తం విన్నాను. కానీ ఆస్కార్ గట్టిగా పలుకుతుంది. చంద్రుడి నుంచి వచ్చేది బుసలో వెంట్రుకంత. అది ఈ చెవికి అందదు. ఈశ్వరప్పకు చెప్పాలి.

12-2-77.
చెప్పడానికి కుప్పం పోయాను. మిద్దె మీద నాలుగు యాంటెన్నాలు ఆకాశం వైపు నిలబెట్టి ఉన్నాయి. నెలరోజులు అంగడి మూసినట్టేనప్పా, అంతా నీ చెవిని నమ్ముకునే అన్నాడు. ఉప్మా తిని వచ్చేశాను.

13-2-77.
కార్డు రాశాను. నా చెవి పోయింది. వేరే మనిషిని చూసుకో. మునిరత్నం. రాసిందే తడవుగా పోస్టు చేశాను, మళ్ళీ మనసు మారకుండా.

17-2-77.
ఈశ్వరప్ప వచ్చాడు. ఇంత లావు సెట్టు నా చేత మోయించి ఇప్పుడు చెవి లేదంటావా అని అరుగు మీదనే మొదలుపెట్టాడు. బయ్యమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి శాంతించాడు. వేరే మనిషి యాడుండాడప్పా, నాకు టిక్కుటిక్కుమని ఇనపడతాది గానీ అచ్చరం కట్టేది రాదు, పరీచ్చ ఎట్లా పాసైనానో నాకే తెల్దు అన్నాడు. ఖాళీ గ్లాసు మీద వేలి కణుపుతో కొడుతూ కూర్చున్నాడు. తర్వాత, భుజం బాగుండాదా అని అడిగాడు. ఎందుకన్నాను. రా సెప్తా అన్నాడు.

26-2-77, శనివారం. కుప్పం. రాత్రి 8.
చంద్రుడు పగలే లేచాడు. ఐదింటికి నెత్తి దగ్గరున్నాడు. దేవసహాయం సెట్టు పెట్టాము, మూడింటిలో అదే నిలకడగా ఉంది. హెడ్‌ఫోన్ ఈశ్వరప్ప చెవులకు. నేను ముందు కూర్చుని పలక మీద రాస్తున్నాను. అతను నా వెనక నిలబడి విన్నది విన్నట్టు, చుక్కకు ఒక పోటు, గీతకు నొక్కిపట్టి, వేలి కణుపుతో నా ఎడమ భుజం మీద కొట్టాడు.

మొదటి పావుగంట చెత్త. వినపడనివి కూడా కొట్టాడు. ఊహించుకుని కొట్టొద్దయ్యా, వినపడితేనే కొట్టు, లేకుంటే ఊరికే ఉండు అని అరిచాను. అతని మీద నేనెప్పుడూ అరవలేదు. ఆ తర్వాత చాలాసేపు భుజం మీద ఏమీ లేదు. తర్వాత ఒక గీత. మళ్ళీ లేదు. తర్వాత గీత, చుక్క, గీత. అది కె. వాళ్ళు అవే ఐదు మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు, ఒక్కోసారి ఒక్కోటి దొరికింది. గంట గడిచేసరికి నాలుగొచ్చాయి. ఐదోది వస్తుంది, మధ్యలో తెగిపోతుంది. ఆఖరి ఐదు నిమిషాల్లో ఒకేసారి పూర్తిగా వచ్చింది. చుక్క, గీత, చుక్క.

కె, ఎమ్, యు, డి, ఆర్.

క్లబ్బువాళ్ళ ఫారంలో రాసి కవరులో పెట్టాము. ఆపరేటర్ పేరు రాసే చోట ఒక్కటే గడి ఉంది. ఇద్దరి పేర్లూ ఇరికించి రాశాడు.

27-2-77.
ఎడమ భుజం కమిలింది. బయ్యమ్మ నూనె రుద్దుతానంది. ఇంకొన్నాళ్ళు ఉండనివ్వమన్నాను.