చపాతీ కర్ర మీది మాట

చిట్యాల,
ఆగస్టు 2018

నా బంగారు చెల్లె సుమనకు,

నర్సింగ్ హాస్టల్ల మొదటి ఏడు ఫోన్లు గుంజుకుంటరని బాపు చెప్పిండు. మనుషుల నోరు మూసుడు గిట్లనే మొదలైతది. సరే, కాగితాన్ని ఎవరు గుంజుకుంటరో చూద్దాం.

మూడు కొలువులల్ల కొట్లాడి బయటపడ్డ నీ అన్న ఇప్పుడు ఇక్బాల్ బీ కార్ఖానల, కట్టెను తిప్పి చెక్కే ఖరాదు మిషన్ కాడ పని నేర్సుకుంటుండు. ఇక్కడ సుత నిలవకపోతే షాద్‌నగర్ల కంపెనీ గేటు కాడ లాఠీ పట్టుకొని నిలబడాలని బాపు తీర్పు. నిలబడితే మొదటి రోజే మజ్దూర్ల దిక్కు తిరుగుత, ఆయనకు తెల్వదు.

ఆమె పని చూడాలె చెల్లె. తుమ్మ కర్ర గిర్రున తిరుగుతుంటది. రెండు కొసలకు కట్టెముక్కలు కట్టిన ఇనుప తీగను బిగపట్టి దాని మీద ఆనిస్తది. సన్నగ పొగ లేస్తది. తీగ తీసేసరికి కర్ర చుట్టూ నల్ల గీత, కాటుక దిద్దినట్టు. రంగు లేదు, కుంచె లేదు. కర్ర తన ఒంట్ల నిప్పుతోనే తనకు సొమ్ములు చేసుకున్నట్టుంటది. తీగ ఎప్పుడు తీయాల్నో ఎట్ల ఎరుకని అడిగితే, వాసన మారుతది బేటా అన్నది.

నాకింకా తీగ ఇయ్యలె. గరుకు కాగితం రుద్దుడే నా పని. మీ హాస్టల్ వంటింటికి చపాతీ కర్రల కట్ట పోతాంది. ఆమె నమాజుకు లోపలికి పోయినప్పుడు స్క్రూడ్రైవర్ కొస బొగ్గుల మీద ఎర్రగ కాల్చి, ఒక కర్ర మీద "అందరికి సమానం" అని రాసిన. కరపత్రమైతే చించి పారేస్తరు. చపాతీ మీద అచ్చైతే తినుకుంట చదువుతరు.

లొంగని నీ అన్న,
బెంజమిన్


మహబూబ్‌నగర్,
సెప్టెంబర్

కోపం తగ్గని మా అన్నకు,

నీ విప్లవం మా కంచంల పడ్డది. వంట చేసే సావిత్రమ్మ పెద్దమ్మ రుద్దిన ప్రతి చపాతీ మీద ఏవో వంకర గీతలు, వాటి మీద బొగ్గు మసి. పురుగులనుకొని సగం మంది లేసిపోయిన్రు. నేనే స్టీలు ప్లేటు ఎదురు పెట్టి, అద్దంల చూసినట్టు అందరికి చదివి వినిపించిన. తిరగబడ్డ నీ అక్షరాలు!

నవ్వలేక చచ్చినం. ఆ నవ్వులనే తిరుమల అనే పిల్ల అడిగింది, గట్లయితే వార్డెన్ టేబుల్‌కు వేరే కూర ఎందుకు పోతాందని. తెల్లారి అందరం కలిసి పోయి వార్డెన్‌ను అడిగినం. ఇప్పుడు అందరికి ఒక్కటే కూర.

గాని అన్నా, వార్డెన్ ఆ కర్రను ఖరాబు మాలని ఇక్బాల్ బీకి వాపస్ పంపుతాంది. నీ పని ఉంటదో పోతదో అని ఫికరైతాంది. ఆమె ఏమన్నా ఎదురు మాట్లాడకు. నా మీద ఒట్టు.

నీ కోసం ప్రార్థన చేసే చెల్లె,
సుమన


చిట్యాల,
సెప్టెంబర్ ఆఖరు

ఒట్టు పెట్టి నా నోరు కట్టేసిన చెల్లెకు,

కర్ర వచ్చింది. ఇక్బాల్ బీ దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసింది. ఆమెకు తెలుగు చదువరాదు. ఏం రాసినవని అడిగింది. చెప్పిన. అక్షరాలు తిరగబడ్డ సంగతి, మీ కూర సంగతి సుత చెప్పిన. కొట్లాటకు కావల్సిన మాటలన్నీ నోటి నిండ పెట్టుకొని, నీ ఒట్టుకు పండ్లు బిగపట్టి నిలబడ్డ.

ఆమె బొటనవేలుతో అక్షరాలు రుద్ది, అంటిన మసి నాకు చూపెట్టింది.

"మాట మంచిదే," అన్నది. "మాడబెట్టినవ్."

రంగు మారంగనే చేయి తీయాలె, కర్ర కాలేదాకా ఆగొద్దని చెప్పి లోపలికి పోయింది. పెట్టె సదురుకొమ్మంటదేమో అనుకున్న. గోడ అద్దం తీసుకొని వచ్చింది. కొత్త కర్ర పక్కన నిలబెట్టి, ఇందుల చూసి రాయి, అప్పుడు రొట్టె మీద సక్కగ పడుతది అన్నది. రాసినంక తన తీగ నా చేతుల పెట్టింది.

షాద్‌నగర్ లాఠీ వేరెవరికన్నా ఇయ్యుమని బాపుకు రాయి.

ఈ ఉత్తరంతోటి వచ్చే కర్రను పెద్దమ్మకియ్యి. ఈసారి ప్లేటు అవసరం లేదు. రెండు కొసలకు రెండు నల్ల గీతలున్నయి, చూడు. వెంట్రుక లెక్క సన్నగ ఉన్నది ఇక్బాల్ బీది. జర లావైంది నాది. వాసన పట్టుడు ఇంకా రాలె.

ఇక్కడనే ఉండే నీ అన్న,
బెంజమిన్