ఆ కుర్చీ అమ్మకానికి లేదు

అమ్మకు,

నమస్కారం. ఇక్కడ ఆయనా, పిల్లలూ, దుకాణమూ క్షేమం. నేను మాత్రం కోపంగా ఉన్నాను. ఫోన్లో అయితే నేను నోరు తెరిచేలోపు "సర్లే, ఉంటాను" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పేము కట్టలు వచ్చాయి. ఈసారి పగుళ్ళు లేవు. వెనక గది కప్పు కారడం ఆగింది. అక్కయ్య కాలి కట్టు విప్పారని రాశావు, సంతోషం. ఇక, "వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు, బుడ్డది ఏం నొక్కినా రావడం లేదంటోంది, ఏమైందే?" అని అడిగావు. రాదు. మూసింది నేనే. పాస్‌వర్డ్ కూడా మార్చేశాను.

అక్కయ్యకు సాయానికని వెళ్ళినదానివి, దాని కూతురు బుడ్డదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మన వెబ్‌సైట్లో ఆన్‌లైన్ దుకాణం తెరిచావు. తెరవడం తప్పనను. కానీ అందులో ఏం పెట్టావమ్మా? 'మేము బాగుచేసినవి' అని నేను ఇన్నేళ్ళుగా పెట్టుకుంటూ వచ్చిన ఫోటోలని! ప్రతి ఫోటో కిందా నేను రాసుకున్న నాలుగు ముక్కలు చెరిపేసి, ధర వేసి, 'కొనండి' అని మీట తగిలించావు. అవి మన కుర్చీలా? జనం నమ్మి అల్లకానికి ఇచ్చినవి! దర్జీ, చొక్కా కుట్టమని ఇచ్చిన గుడ్డని గుమ్మంలో వేలాడదీసి అమ్ముకున్నట్టుంది.

"మొదటి ఆర్డర్ వచ్చిందే! నే చెప్పలా?" అని ఫోన్లో గంతులేశావే, అది ఎవరిదో తెలుసా? పక్క వీధి లెక్కల టీచరుగారిది. ఆవిడ కొన్నది ఆవిడ కుర్చీనే. పడుకుంటే ఊపిరాడని వాళ్ళాయన కూర్చుని నిద్రపోయే ఆ వాలుకుర్చీని. ఆ ఫోటో పోయినసారి బాగుచేసినప్పటిది; ఇప్పుడది మళ్ళీ తెగి, నువ్వు నిలువూ అడ్డం అల్లి వెళ్ళినంతవరకే, మన దగ్గర సగం అల్లకంలో ఉంది. మన పనితనం చూడమని చెల్లెలికి ఫోన్లో చూపించబోతే 'ఒక్కటే మిగిలింది' అని కనిపించిందట. ఎవరు ఎగరేసుకుపోతారోనని భయపడి, డబ్బు కట్టేసి, దుకాణం మీదికి వచ్చారు.

"నా కుర్చీని నాకే అమ్ముతారటే? రేపు మా ఆయన్ని కూడా పెడతారా అందులో?"

"పొరపాటైందండీ. డబ్బు ఇప్పుడే వెనక్కి వేసేస్తాను."

"డబ్బు సంగతి తర్వాత. అయినా అంత తక్కువేంటి? మా ఆయన కుర్చీ విలువ అంతేనా?"

మరోసారైతే నవ్వేదాన్ని. పేము పోగులు వేలాడుతుండగానే కుర్చీని బండెక్కించుకుని వెళ్ళిపోయారు. "మీ అమ్మ వచ్చినా సరే, మీ గడప తొక్కను" అన్నారు. అక్కడ ఆ పెద్దాయన దిళ్ళు పేర్చుకుని, నిద్రలేక, కుర్చీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. వచ్చింది, కూర్చోవడానికి వీల్లేకుండా.

ఈ కోపం నీ మీదేనా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆన్‌లైన్ అమ్మకం మాట నువ్వెత్తినప్పుడల్లా "చూద్దాం, ఆలోచిద్దాం" అంటూ నానబెట్టింది నేనే. నన్నడిగితే పని జరగదని బుడ్డదాన్ని అడిగి ఉంటావు. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కోపం తగ్గలేదు. ఆ వెబ్‌సైట్ నేను కట్టుకున్న ఇల్లులాంటిదమ్మా. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి గోడలు మార్చేశావు.

నీకింకా చెప్పనిది ఒకటుంది. ఆవిడ కుర్చీ తీసుకెళ్ళిన మర్నాడు పొద్దున్నే పేము నానబెట్టి, తడిగుడ్డలో చుట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. అవును, నువ్వు మిగిల్చి వెళ్ళిన ఆ ఏటవాలు అల్లకానికే. "ఎమ్మే చదివిన చేతులకి అది లొంగదు" అని నువ్వెప్పుడూ నన్ను ముట్టనివ్వని పనికే.

"మీ అమ్మ వచ్చిందా?" అన్నారు టీచరుగారు, తలుపు సగమే తీసి.

"లేదండీ. నేనే అల్లుతాను."

"నీకొచ్చా?"

"చూడటం వచ్చు."

లోపల్నుంచి పెద్దాయన, "రానీవే, నా నడుం విరిగిపోతోంది" అన్నారు.

ఆవిడ పరీక్ష హాల్లోలా నా నెత్తిమీదే నిలబడ్డారు. ఒక పోగు తప్పితే "విప్పు" అన్నారు. విప్పాను. మళ్ళీ తప్పింది, మళ్ళీ విప్పాను. నా వేళ్ళ కణుపులు కోసుకుపోయాయి. ప్రతి పోగునీ నీ మీది కోపంతోనే బిగించాను. బహుశా అందుకే బిగువుగా వచ్చింది. ఆరేదాకా ఆగమని చెప్పి, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన మెల్లగా కూర్చున్నారు. పేము కిర్రుమంటే నా ప్రాణం పోయినంత పనైంది. ఏం తెగలేదు. ఆయన తల వెనక్కి వాల్చి, బాగుందని గానీ బాగులేదని గానీ అనకుండానే నిద్రపోయారు.

టీచరుగారు నా చెవి దగ్గరికి వచ్చి, "ఇక వెళ్ళు. తలుపు చప్పుడు కానివ్వకు" అన్నారు.

ఆన్‌లైన్ దుకాణం మళ్ళీ తెరుస్తాను. మనం అల్లి అమ్మే పీటలూ బుట్టలూ మాత్రమే ఉంటాయి; ఏది ఉండాలో నేను చెబుతాను. కుర్చీ దగ్గర నా తప్పులు నువ్వు వచ్చి పట్టు, నేర్చుకుంటాను. కానీ ముందు ఆ ఇంటికి వెళ్ళి, తప్పైందని నీ నోటితో చెప్పాలి. నీ తరఫున నేను చెప్పలేదు. చెప్పను.

ఇట్లు,
కోపం ఇంకా తీరని
నీ చిన్నకూతురు